ఆ స్టేషన్ ఎవరిది? అమెరికా రైల్వే స్టేషన్ల కట్టడాల వెనక ఉన్న లెక్క

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకూ, కొత్తగా ఉద్యోగంలో చేరి రోజూ న్యూయార్క్ వెళ్లివచ్చే కుర్రవాళ్లకూ అక్కడివాళ్లు ముందుగా చెప్పే జాగ్రత్త ఒకటుంది. పెన్ స్టేషన్ అని వినగానే దిగిపోవద్దు, మొదట వచ్చేది న్యూవార్క్ పెన్ స్టేషన్, మీరు దిగవలసింది న్యూయార్క్ పెన్ స్టేషన్ అని. రెండింటి మధ్య దూరం సుమారు పది మైళ్లే గానీ, ఆ పది మైళ్లలో ఒక చిత్తడి నేల, ఒక పెద్ద నది, ఒక రాష్ట్ర సరిహద్దు ఉన్నాయి. బాల్టిమోర్‌లో ఇంకో పెన్ స్టేషన్ ఉంది. పిట్స్‌బర్గ్‌లో ఒకప్పటి పెన్ స్టేషన్ భవనంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

ఇన్ని ఊళ్లలో ఒకే పేరు ఉండటానికి కారణం చిన్నదే. అది ఊరి పేరు కాదు, యజమాని పేరు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే ప్రైవేటు కంపెనీ కట్టుకున్న స్టేషన్లు కనుక అవన్నీ పెన్ స్టేషన్లయ్యాయి. రైల్వే అంటే ప్రభుత్వమే అన్న అలవాటులో పెరిగిన మనకు ఇది వెంటనే తట్టదు. అమెరికాలో పట్టాలు, ఇంజన్లు, స్టేషన్లు, వాటి కింది నేల అన్నీ మొదటినుంచీ కంపెనీల సొంత ఆస్తి. ఒక స్టేషన్ ఎందుకు రోమన్ దేవాలయంలా ఉందో, దాని పక్కదాన్ని ఎందుకు కూల్చేశారో, మూడోదాంట్లో హోటల్ ఎందుకు నడుస్తోందో తెలుసుకోవాలంటే అది ఎవరిది, దాని ఖర్చు ఎవరు భరించారు అన్న ప్రశ్న దగ్గరికే రావాలి. న్యూయార్క్ పెన్ స్టేషన్‌ను తిరిగి కట్టే విషయంపై కొన్నేళ్లుగా సాగుతున్న వివాదం కూడా చివరికి ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

డిపో, స్టేషన్, టెర్మినల్: ఒకే స్థలానికి మూడు పేర్లు

మనకు డిపో అంటే ఆర్టీసీ బస్సులు రాత్రి నిలిపే చోటు. అమెరికాలో తొలి రోజుల్లో రైలు ఆగే చోటునే డిపో అనేవారు. సరుకు దించి నిల్వ చేసే చోటు అన్నది ఆ మాటకు మూలార్థం. తొలి రైలుమార్గాలకు సరుకే ముఖ్యం, మనుషులు తర్వాత. అమెరికాలో మిగిలివున్న స్టేషన్లలో అతి పాతదిగా చెప్పే మేరీలాండ్‌లోని ఎలికాట్ సిటీ కట్టడం ఇందుకు నిదర్శనం. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్‌రోడ్ 1830లో బాల్టిమోర్ నుంచి అక్కడివరకు 13 మైళ్ల దారి తెరిచింది, అప్పట్లో బండ్లను లాగినవి గుర్రాలు. దాని చివర స్థానిక గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనాన్ని చూస్తే ప్రయాణికుల విడిది కంటే గట్టి గోదాములాగే కనిపిస్తుంది.

పేర్లు ఎలా మారాయో చూడటానికి న్యూయార్క్‌లోని 42వ వీధి చాలు. 1871లో రైల్వే కంపెనీ అధిపతి కార్నీలియస్ వాండర్‌బిల్ట్ అక్కడ కట్టించినది గ్రాండ్ సెంట్రల్ డిపో. 1900 నాటికి దాన్ని పెంచి, ముఖభాగం మార్చి గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ అన్నారు. అదీ చాలక మొత్తం పడగొట్టి, 1913 ఫిబ్రవరి 2న తెరిచినది గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్. రైళ్లు అక్కడితో ఆగిపోతాయి కనుక అది టెర్మినల్. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో రైళ్లు ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు లాంగ్ ఐలాండ్‌కో బోస్టన్‌కో సాగిపోగలవు కనుక అది స్టేషన్. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ అని ఎవరైనా అంటే, దాని కింద ఉన్న మెట్రో స్టేషన్‌నో, పక్కనున్న తపాలా కార్యాలయాన్నో అంటున్నారా అని ఆటపట్టించే న్యూయార్క్‌వాసులు ఇప్పటికీ ఉన్నారు. ఈ నియమాన్ని మరీ గట్టిగా పట్టుకోవడమూ పొరపాటే. సిన్సినాటిలోని యూనియన్ టెర్మినల్ గుండా రైళ్లు సాగిపోయేవి. అయినా కట్టినవాళ్లకు ఆ పేరే ఘనంగా వినిపించింది.

యూనియన్ స్టేషన్ అంటే ఉమ్మడి స్టేషన్

వాషింగ్టన్, షికాగో, డెన్వర్, కాన్సస్ సిటీ, లాస్ ఏంజిలిస్ నగరాల్లో యూనియన్ స్టేషన్లు ఉన్నాయి. ఆ పేరుకు కార్మిక సంఘాలతో గానీ, అమెరికా సమాఖ్యతో గానీ సంబంధం లేదు. ఒకే ఊరికి వచ్చే వేర్వేరు కంపెనీలు కలిసి వాడుకునే ఉమ్మడి స్టేషన్ అది. ఇలాంటిది మొదట వచ్చింది 1853లో ఇండియానాపోలిస్‌లో.

ఉమ్మడి స్టేషన్ లేకపోతే ఏమవుతుందో షికాగో చూపించింది. దశాబ్దాల తరబడి ఆ నగరంలో ఆరు పెద్ద టెర్మినళ్లు విడివిడిగా నడిచాయి. తూర్పు తీరం నుంచి వచ్చి కాలిఫోర్నియాకు పోవలసిన మనిషి ఒక టెర్మినల్‌లో దిగి, సామానుతో సహా బండెక్కి ఊరి మధ్యగా ఇంకో టెర్మినల్‌కు వెళ్లవలసివచ్చేది. ఆ బండ్లు నడపడమే పార్మలీ అనే కంపెనీకి పెద్ద వ్యాపారమైంది.

అయితే ఉమ్మడి అన్న మాటలో ఒక చిక్కు దాగివుంది. సెయింట్ లూయిస్‌లో కొన్ని రైల్వే కంపెనీలు కలిసి టెర్మినల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అనే సంస్థ పెట్టుకుని, స్టేషన్‌తో పాటు మిసిసిపీ నదిని దాటే వంతెనలను కూడా చేతిలో పెట్టుకున్నాయి. ప్రయాణికుడికి అది సౌకర్యమే. బయట మిగిలిపోయిన కంపెనీకి మాత్రం ఊరి గుమ్మానికి ఇతరులు తాళం వేసినట్టు. ఈ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1912లో న్యాయస్థానం ఆ సంస్థను రద్దు చేయలేదు గానీ, మిగతా కంపెనీలను కూడా న్యాయమైన షరతులపై చేర్చుకోవాలని చెప్పింది. గుత్తాధిపత్యం మీద చర్చ వచ్చినప్పుడల్లా న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ ఈ కేసు చదువుతారు.

చిన్న ఊరి డిపో: పట్టాలవైపు పొడుచుకువచ్చిన కిటికీ

పెద్ద నగరాల స్టేషన్లకే పేరు వచ్చినా, అమెరికా రైలుమార్గం మొత్తం 1916 నాటికి రెండున్నర లక్షల మైళ్లు దాటిందనీ, దాని వెంట నిలిచినవి ఎక్కువగా చిన్న చెక్క డిపోలేననీ గుర్తుంచుకోవాలి. వీటికి వాస్తుశిల్పి పేరంటూ ఉండదు. కంపెనీ ఆఫీసులో ఒక నమూనా పటం గీసి, నంబరు వేసి, దారి పొడుగునా అదే కట్టుకుంటూ పోయేవారు. ఏ కంపెనీ రంగు దానిదే. సదరన్ పసిఫిక్ డిపో అంటే పసుపు గోడలు, గోధుమరంగు అంచులు. బోర్డు చదవకుండానే ఎవరి దారిలో ఉన్నామో తెలిసిపోయేది.

సాధారణ నమూనా ఇలా ఉండేది. పొడవైన భవనంలో ఒక కొసన వెయిటింగ్ రూము, రెండో కొసన గూడ్సు గది, నడుమ ఏజెంటు గది. గూడ్సు గది గచ్చు మిగతా భవనం కంటే ఎత్తు, ఎందుకంటే సరుకు వ్యాగన్ తలుపు ఆ ఎత్తునే ఉంటుంది. ఏజెంటు గదికి పట్టాలవైపు గోడ తిన్నగా ఉండదు, మూడు పలకలుగా బయటికి పొడుచుకువస్తుంది. కుర్చీలోంచి లేవకుండా రెండు దిక్కులా దారి చూడటానికి పెట్టిన కిటికీ అది. దాని ముందు బల్ల, బల్ల మీద టెలిగ్రాఫ్ సాధనం. ఆ టకటక గట్టిగా వినిపించేందుకు చాలామంది ఆపరేటర్లు ఖాళీ పొగాకు డబ్బా ఒకటి దానికి ఆనించి పెట్టుకునేవారు. ఎదురుగా ఎక్కడో ఒక రైలు ఆలస్యమైందని తీగ మీద కబురు వస్తే, ఆపరేటరు దాన్ని పలుచని కాగితం మీద రాసి, పొడవైన కర్రకున్న చట్రానికి తగిలించి, ప్లాట్‌ఫారం అంచున నిలబడి పైకెత్తి పట్టుకునేవాడు. ఆగకుండా పోతున్న ఇంజనులోంచి డ్రైవరు చెయ్యి చాచి అందుకునేవాడు. ఆ కాగితం అందకపోతే ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తాయి. ఇప్పుడు పల్లె మ్యూజియంలుగా మారిన పాత డిపోల్లో సందర్శకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఆ కిటికీ నిజానికి ఒక భద్రతా యంత్రంలో భాగం.

రైళ్ల వేళలు కూడా ఈ గదుల నుంచే ఊరికి వచ్చాయి. 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలు తమంతట తాము దేశాన్ని కాలమండలాలుగా విభజించుకుని గడియారాలు సరిచేసుకున్నాయి. అమెరికా చట్టసభ కాంగ్రెస్ దాన్ని చట్టం చేసింది 1918లో మాత్రమే. అంతకాలం ఊరికి సమయం చెప్పింది ఒక ప్రైవేటు కంపెనీ గడియారమే.

ముందు భవనం, వెనక రైళ్ల పందిరి

పెద్ద స్టేషన్‌ను ఒకే కట్టడం అనుకుంటే అర్థం కాదు. అందులో రెండు కట్టడాలు ఉంటాయి. వీధివైపు కనిపించే రాతి భవనంలో టికెట్ కౌంటర్లు, వెయిటింగ్ హాలు, హోటలు ఉంటాయి. అది వాస్తుశిల్పి పని. దాని వెనక, రైళ్ల మీద పరచుకున్న ఇనుప పందిరి ఇంజనీరు పని. సెయింట్ లూయిస్ యూనియన్ స్టేషన్‌లో 1894లో కోటలాంటి ముందుభవనాన్ని థియొడోర్ లింక్ రూపొందించగా, 32 లైన్లను కప్పిన వెనక పందిరిని జార్జ్ పెగ్రమ్ అనే వంతెనల ఇంజనీరు తయారుచేశాడు.

తొలి పందిళ్లు ఒకే కమానుగా, ఎంతో ఎత్తున ఉండేవి. ఫిలడెల్ఫియాలోని రీడింగ్ టెర్మినల్‌లో 1893 నాటి అలాంటి పందిరి ఒకటి ఇంకా ఉంది, ఇప్పుడది సమావేశ మందిరం. చూడటానికి అద్భుతం, నిర్వహణకు నరకం. ఆవిరి ఇంజన్ల పొగ పైకి చేరి ఇనుమును తినేసేది, అద్దాలు నల్లబడేవి. హడ్సన్ నది ఒడ్డున 1907లో తెరిచిన హొబోకెన్ టెర్మినల్ కోసం లింకన్ బుష్ అనే ఇంజనీరు దీనికి విరుగుడు కనిపెట్టాడు. పైకప్పును తలకు కాస్త పైవరకు దించి, ఒక్కో లైనుకు నేరుగా పైన పొగ పోయేందుకు పొడవాటి చీలిక వదిలాడు. అందం తగ్గింది, ఖర్చూ తగ్గింది. తర్వాత చాలా స్టేషన్లు ఆ దారినే పట్టాయి.

పట్టాలు ఎలా పరిచారన్నది భవనాన్ని ఇంకా ఎక్కువగా శాసిస్తుంది. లెక్క కోసం 20 లైన్ల స్టేషన్ ఒకటి ఊహించుకుందాం. రైళ్లు సాగిపోయే స్టేషన్‌లో ఒక్కో రైలు లైనును పది నిమిషాలు ఆక్రమిస్తే, గంటకు ఒక్కో లైను మీద ఆరు చొప్పున 120 రైళ్లు పంపవచ్చు. అదే చివర అడ్డగోడ ఉన్న టెర్మినల్ అయితే ముందుకు వచ్చిన ఇంజను పెట్టెలకూ గోడకూ మధ్య ఇరుక్కుపోతుంది. వెనకనుంచి ఇంకో ఇంజను తెచ్చి పెట్టెలను లాగాలి, ఇంజనును తిప్పాలి. ఒక్కో రైలుకు 40 నిమిషాలు పడితే గంటకు 30 రైళ్లే. ఇందుకే టెర్మినళ్లు అంత వెడల్పుగా ఊరి నడుమ స్థలాన్ని మింగేశాయి. సెయింట్ లూయిస్‌లో రైళ్లను వెనక్కి నడిపిస్తూ లోపలికి తెచ్చేవారు, గ్రాండ్ సెంట్రల్‌లో భూమి కింద గుండ్రంగా తిరిగివచ్చే లూపు లైన్లు వేశారు.

రోమన్ స్నానశాలలు మన్‌హాటన్‌కు ఎందుకు వచ్చాయి

1880లలో స్టేషన్లకు బరువైన రాతి కమానులు, మిట్టమిట్ట గోడలతో మధ్యయుగపు రూపం నడిచింది. దాని ఆద్యుడు హెన్రీ హాబ్‌సన్ రిచర్డ్‌సన్. బోస్టన్ అండ్ ఆల్బనీ కంపెనీకి ఆయన కట్టిన చిన్న స్టేషన్లలో చూరు ఎంతగా దిగివస్తుందంటే, వానలో నిలబడిన ప్రయాణికుడికి భవనమే గొడుగు పట్టినట్టుంటుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనతో అభిరుచి మారింది. డేనియల్ బర్నమ్ పర్యవేక్షణలో అక్కడ లేచిన తెల్లని స్తంభాల నగరాన్ని చూసినవాళ్లకు, పారిస్ కళాశాలలో నేర్పే ప్రాచీన గ్రీకు రోమన్ పద్ధతే పెద్ద కట్టడాలకు తగినదనిపించింది. బోజార్ట్ అని పిలిచే శైలి అదే.

బర్నమే కట్టిన వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ 1907లో తెరుచుకుంది. అంతకుముందు పెన్సిల్వేనియా కంపెనీ స్టేషన్ ఏకంగా రాజధాని మధ్యనున్న నేషనల్ మాల్ మైదానంలో ఉండేది. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగింది ఆ స్టేషన్‌లోనే. మైదానాన్ని ఖాళీ చేయడానికి కంపెనీ అధ్యక్షుడు అలెగ్జాండర్ కసాట్ ఒప్పుకోవడం వల్లే ఇప్పటి మాల్ సాధ్యమైంది.

ఆ కసాట్ అసలు కల న్యూయార్క్. దేశంలోకెల్లా బలమైన రైల్వే కంపెనీకి న్యూయార్క్‌లోకి దారి లేదు. వాళ్ల రైళ్లు హడ్సన్ ఇవతలి ఒడ్డున జెర్సీ సిటీలో ఆగితే, ప్రయాణికులు పడవెక్కి నగరం చేరేవారు. వాండర్‌బిల్ట్‌ల రైళ్లు మాత్రం తిన్నగా 42వ వీధికి పోయేవి. ఈ అవమానానికి జవాబుగా హడ్సన్ కింద రెండు సొరంగాలు, ఈస్ట్ రివర్ కింద నాలుగు తవ్వి, వాటి నడుమ రెండు పెద్ద బ్లాకుల మేర, సుమారు ఎనిమిది ఎకరాల్లో 1910లో పెన్ స్టేషన్ తెరిచారు. వాస్తుశిల్పి చార్లెస్ మెకిమ్. 150 అడుగుల ఎత్తున్న దాని వెయిటింగ్ హాలుకు ఆదర్శం రోమ్‌లోని కారకల్లా చక్రవర్తి స్నానశాలలు. వేలమంది ఒకేసారి కదిలే గదిని రాతితో ఎలా కప్పాలో అంతకుముందు పరిష్కరించింది రోమన్లే అన్నది మెకిమ్ ఆలోచన. ఇది వట్టి అనుకరణ అని అప్పుడూ విమర్శించారు, ఇప్పుడూ విమర్శిస్తారు. నాకు మాత్రం ఆ హాలు దాటగానే వచ్చే రెండో గది పాత ఫొటోల్లో ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. అక్కడ రోమ్ లేదు, ఉక్కు కమానులు, గాజు పైకప్పు, కిందకు దిగే మెట్లు, అంతే.

గ్రాండ్ సెంట్రల్ కథ ఇందుకు భిన్నంగా ఒక ప్రమాదంతో మొదలైంది. 1902 జనవరి 8న పార్క్ ఎవెన్యూ సొరంగంలో పొగ కమ్మేసి సిగ్నల్ కనిపించక ఒక రైలు ఇంకోదాన్ని ఢీకొని 15 మంది మరణించారు. 1908 తర్వాత మన్‌హాటన్‌లో ఆవిరి ఇంజన్లు నడపకూడదని చట్టం వచ్చింది. కంపెనీ ఇంజనీరు విలియం విల్గస్ దీన్ని శాపంగా కాక లెక్కగా చూశాడు. కరెంటు రైలుకు పొగ లేదు, పొగ లేకపోతే పట్టాలను రెండు అంతస్తులుగా భూమి కింద పెట్టవచ్చు, అప్పుడు పైనున్న శూన్యాన్ని కట్టడాలకు అద్దెకివ్వవచ్చు. నేడు పార్క్ ఎవెన్యూ మీద వరుసగా కనిపించే భవనాలు, 1931 నాటి వాల్‌డార్ఫ్ ఆస్టోరియా హోటల్ సహా, ఆ పట్టాల మీదే నిలబడి ఉన్నాయి. గాలిని అమ్మడం అన్న ఈ ఆలోచన అరవై ఏళ్ల తర్వాత స్టేషన్ల ప్రాణం మీదికే వచ్చింది.

ఒకే కప్పు కింద రెండు వెయిటింగ్ రూములు

దక్షిణాది రాష్ట్రాల స్టేషన్ల పటాలు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. చిన్న ఊరి డిపోకు కూడా రెండు వెయిటింగ్ రూములు, నాలుగు మరుగుదొడ్లు, నడుమ ఏజెంటు గదికి రెండు పక్కలా రెండు టికెట్ కిటికీలు ఉంటాయి. ఒకటి తెల్లవారికి, రెండోది నల్లవారికి. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు రైలు పెట్టెల్లో వేర్పాటును సమర్థించాక ఈ పద్ధతి మరింత బిగిసింది. రెండో గది దాదాపు ఎప్పుడూ చిన్నదే, ఎక్కువగా సరుకు గదివైపు ఉండేది. అంతర్రాష్ట్ర ప్రయాణికుల వెయిటింగ్ రూముల్లో వేర్పాటును కేంద్ర వాణిజ్య కమిషన్ 1955లో నిషేధించి, 1956 జనవరి 10 నుంచి అమలు చేయాలంది. ఆచరణ అంత తేలిగ్గా రాలేదు. 1961లో న్యూ ఆర్లీన్స్ నుంచి రైలెక్కి మిసిసిపీలోని జాక్సన్ స్టేషన్‌లో దిగిన ఫ్రీడమ్ రైడర్లను (వేర్పాటును ధిక్కరిస్తూ ప్రయాణించిన ఉద్యమకారులను) తెల్లవారి గదిలో కూర్చున్నందుకు అరెస్టు చేశారు. ఇలాంటి డిపోలను పునరుద్ధరించేటప్పుడు ఆ నడిమి గోడను ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్న వస్తుంది. తీసేస్తే గది విశాలమవుతుంది, చరిత్ర చెరిగిపోతుంది.

పెన్ స్టేషన్ కూల్చివేత: రెండు వాదనలు

1956 చట్టంతో అంతర్రాష్ట్ర రహదారులు వచ్చాయి, విమానాలు వచ్చాయి. అప్పటికే నష్టాల్లో ఉన్న పెన్సిల్వేనియా కంపెనీ తన స్టేషన్ మీది ఆకాశాన్ని అమ్మేసింది. 1963 అక్టోబరు 28న కూల్చివేత మొదలైంది. ఆ స్థలంలో 1968లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ క్రీడా ప్రాంగణం, ఒక ఆఫీసు భవనం లేచాయి. స్తంభాల ముక్కలను, శిల్పాలను లారీల్లో తీసుకెళ్లి న్యూజెర్సీలో సెకాకస్ దగ్గర చిత్తడి నేలలో పడేశారు. ఎడిసన్ రైలు సొరంగంలోకి దూరేముందు దాటే నేల అదే.

కంపెనీ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. పన్నులు కట్టేది మేము, శుభ్రం చేయించేది మేము, ప్రభుత్వం పన్నుల డబ్బుతో రహదారులు, విమానాశ్రయాలు కట్టి మాతో పోటీపడుతోంది, అందరికీ అందంగా కనబడాలని మేమొక్కరమే నష్టం భరించాలా అన్నది వాళ్ల ప్రశ్న. ఎదుటి వాదన ఇది: ఒక నగర ద్వారం యాభై మూడేళ్లు జనం జీవితంలో భాగమయ్యాక కేవలం భూమి పత్రం ఉన్నవాడిది మాత్రమే కాదు. 1962 ఆగస్టులో వాస్తుశిల్పులు, రచయితలు స్టేషన్ ముందు ప్లకార్డులతో నిలబడ్డారు గానీ, కూల్చివేతను ఆపే చట్టమే నగరానికి లేదు. ఆ చట్టం 1965 ఏప్రిల్‌లో, భవనం సగం పోయాక వచ్చింది.

తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. కూల్చింది పైభాగాన్ని మాత్రమే. కిందనున్న 21 లైన్లు, 11 ప్లాట్‌ఫారాలు అలాగే ఉన్నాయి, కూల్చివేత సాగుతున్నంతకాలం రైళ్లు నడుస్తూనే ఉన్నాయి.

గాలి హక్కులు, 1978 తీర్పు

తర్వాత వంతు గ్రాండ్ సెంట్రల్‌ది. 1967లో నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. మరుసటి ఏడాది యజమాని అయిన పెన్ సెంట్రల్ కంపెనీ (పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్‌ల కంపెనీలు కలిసి ఏర్పడినది), టెర్మినల్ నెత్తిన మార్సెల్ బ్రాయర్ రూపొందించిన 55 అంతస్తుల ఆఫీసు భవనం కడతామంది. నగర కమిషన్ కుదరదంది. కంపెనీ కోర్టుకెక్కింది. మా ఆస్తిని పరిహారం ఇవ్వకుండా లాక్కున్నట్టే కదా అన్నది దాని వాదన.

నగరం ఇచ్చిన జవాబును హైదరాబాద్, విజయవాడ పాఠకులు సులువుగా పట్టుకోగలరు. రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవారికి మన పురపాలక సంస్థలు ఇచ్చే టీడీఆర్ (బదలాయించుకోగల నిర్మాణ హక్కు) పత్రాల ఆలోచనే ఇది. లెక్క కోసం ఊహించిన అంకెలతో చూద్దాం. లక్ష చదరపు అడుగుల స్థలంలో 15 రెట్ల వరకు కట్టుకోవచ్చని నియమం ఉంటే, అనుమతించిన విస్తీర్ణం 15 లక్షల చదరపు అడుగులు. దాని మీదున్న పాత స్టేషన్ రెండు లక్షలే వాడుకుంటోంది. మిగిలిన 13 లక్షలను అక్కడ కట్టనివ్వకపోయినా, చుట్టుపక్కల స్థలాలకు బదలాయించి అమ్ముకోవచ్చు. కనుక యజమాని చేతిలో విలువ సున్నా కాలేదన్నది నగరం మాట.

1978 జూన్ 26న సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురు తేడాతో నగరంవైపు మొగ్గింది. టెర్మినల్‌ను ఇప్పటిలాగే నడుపుకుంటూ సహేతుకమైన రాబడి పొందే వీలుంది కనుక ఇది ఆస్తిని లాక్కోవడం కాదన్నది జస్టిస్ బ్రెన్నన్ తీర్పు సారం. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ రెన్‌క్విస్ట్, పది లక్షలకు పైగా కట్టడాలున్న నగరంలో నాలుగు వందలనే ఏరి వాటి యజమానుల నెత్తినే ఈ భారం మోపడం న్యాయమా అని అడిగాడు. ఆస్తి హక్కుల చర్చల్లో ఆ ప్రశ్న ఇంకా బతికేవుంది. కోర్టు బయట మాజీ ప్రథమ మహిళ జాక్వెలిన్ కెనడీ ఒనాసిస్ నడిపిన ప్రచారానికి ఎక్కువ పేరొచ్చింది గానీ, దేశమంతటా పాత స్టేషన్లను నిలబెట్టింది ఈ తీర్పు ఇచ్చిన చట్టబలమే.

నిలబడ్డ భవనాలు, వెళ్లిపోయిన రైళ్లు

1971 మే 1న ప్రయాణికుల రైళ్లను ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్ చేతిలోకి తీసుకుంది. దానికి వచ్చింది రైళ్లే, స్టేషన్లన్నీ కాదు. రోజుకు 216 రైళ్లకు సరిపడేలా 1933లో కట్టిన సిన్సినాటి యూనియన్ టెర్మినల్ అర్ధగోళాకార భవనం, రెండుమూడు రైళ్ల కోసం తాళం తీయలేనంత పెద్దది. ఆమ్‌ట్రాక్ 1972లో దాన్ని వదిలేసింది. 1990లో మ్యూజియం అయ్యాక మరుసటి ఏడాది తిరిగొచ్చింది. వారానికి మూడు రోజులు, అదీ అర్ధరాత్రి దాటాక, కార్డినల్ అనే రైలు ఆగుతుంది.

సెయింట్ లూయిస్‌లో రైళ్లు 1978లో పోయాయి. భవనం 1985లో హోటల్, దుకాణాల సముదాయంగా తెరుచుకుంది, 2019లో పందిరి కింద అక్వేరియం వచ్చింది. డెట్రాయిట్‌లో 18 అంతస్తుల మిషిగన్ సెంట్రల్ స్టేషన్ 1988 నుంచి ముప్పై ఏళ్లు పగిలిన కిటికీలతో ఆ నగర పతనానికి బొమ్మగా నిలిచింది. ఫోర్డ్ కంపెనీ 2018లో కొని, 2024 జూన్‌లో తిరిగి తెరిచింది. కాన్సస్ సిటీలో స్టేషన్‌ను నిలబెట్టడానికి 1996లో రాష్ట్ర సరిహద్దుకు రెండువైపులా ఉన్న జిల్లాల ఓటర్లు అమ్మకపు పన్నులో స్వల్ప భాగం అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు.

దీన్ని రక్షణ అనాలా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. రైలు లేని స్టేషన్ ఖాళీ గవ్వ అని కొందరంటారు. గోడలు నిలిస్తే రైలు ఎప్పుడైనా తిరిగి రావచ్చు, కూలిపోతే రాలేదని మరికొందరంటారు. డెన్వర్ ఉదాహరణ రెండో పక్షానికి బలం. అక్కడి యూనియన్ స్టేషన్ 2014లో లోపల హోటల్‌తో తెరుచుకున్నా, దాని వెనక కొత్త లైన్లు వచ్చాయి, రైళ్లు నిజంగానే పెరిగాయి.

పెన్ స్టేషన్ వివాదం ఇప్పుడు ఎక్కడ ఉంది

2021 జనవరి 1న ఎదురు వీధిలోని పాత తపాలా భవనంలో మోయినిహాన్ హాలు తెరిచారు. ఆ భవనాన్ని కట్టింది కూడా మెకిమ్ సంస్థే. గాజు కప్పు కింద వెలుతురు ధారాళంగా ఉంది. అయితే అది ప్రధానంగా ఆమ్‌ట్రాక్, లాంగ్ ఐలాండ్ రైళ్లవారికి. న్యూజెర్సీ నుంచి రోజూ వచ్చేవాళ్లు చాలావరకు క్రీడా ప్రాంగణం కింది ఇరుకు దారుల్లోనే తిరుగుతున్నారు.

చిక్కంతా యాజమాన్యంలో ఉంది. స్టేషన్ ఆమ్‌ట్రాక్‌ది, నెత్తిన ఉన్న ప్రాంగణం ఒక ప్రైవేటు కంపెనీది, అత్యధిక ప్రయాణికులను మోసేది న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాల రవాణా సంస్థలు. ప్రాంగణాన్ని వేరేచోటికి తరలించి మొత్తం తెరవాలని ఒక వర్గం, దాన్ని ఉంచి చుట్టూ విస్తరించాలని ఇంకో వర్గం, మెకిమ్ భవనాన్నే రాతితో మళ్లీ కట్టాలని మూడో వర్గం వాదిస్తున్నాయి. మూడో వర్గం మాటలో ఆకర్షణ ఉంది గానీ, 1910 నాటి దూరప్రయాణికుడు గంటసేపు కూర్చునేందుకు కట్టిన హాలు, ఐదు నిమిషాల్లో మెట్రో అందుకోవాలనుకునే నేటి ఉద్యోగికి ఎంత సరిపోతుందన్న సందేహానికి సంతృప్తికరమైన జవాబు ఇంకా రాలేదు. 2023లో నగర మండలి ప్రాంగణానికి ఐదేళ్లకే అనుమతి ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ పునర్నిర్మాణ నాయకత్వాన్ని రాష్ట్ర సంస్థ చేతిలోంచి తీసి ఆమ్‌ట్రాక్‌కు అప్పగించింది.

ఈలోగా ప్లాట్‌ఫారాలకు దిగే మెట్లలో కొన్నిటికి పాత స్టేషన్ నాటి ఇత్తడి చేతిపట్టు కడ్డీలు ఇంకా ఉన్నాయి. రద్దీ వేళలో ఎడిసన్ రైలు లైను నంబరు బోర్డు మీద పడగానే జనం ఒక్కసారిగా అటు పరుగెడతారు. ఆ తొక్కిడిలో ఎవరో ఒకరు పడిపోకుండా పట్టుకునేది, 1910లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ బిగించిన ఆ ఇత్తడినే.